గుట్టమీది అవ్వలు

లక్సెట్టిపేటలో బాబు మియా వీడియో పెట్టిన కొత్తలో బొమ్మ అందరికీ అర్థమయ్యేది, మాట ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. మంచిర్యాలలో తెలుగు, హిందీ క్యాసెట్లను పెద్ద షాపులవాళ్ళు ఎత్తుకుపోగా మిగిలినవే అతనికి దక్కేవి. వాటి మీది అక్షరాలు ఇసుకలో పురుగులు పాకినట్టుండేవి. అది చైనా భాషో జపాను భాషో తేల్చేవాళ్ళు ఊళ్ళో లేరు. అందుకని బాబు మియా వెదురుకట్టె పట్టుకొని టీవీ పక్కన నిలబడి కథ చెప్పేవాడు. కథంటే పెద్దగా ఏమీ లేదు. "గీడు మంచోడు. గాడు హరామ్‌ఖోర్. ఇగ దంచుతడు సూడుండ్రి." పగలంతా ఒళ్ళు విరిచి పనిచేసి వచ్చిన మగవాళ్ళకు అంతకంటే అక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను నమాజుకు పోయేవాడు. ఆ పూట ఆట ఉండేది కాదు. అతని రేడియో రిపేరు దుకాణం వెనక వీడియో ఆడించే రేకుల షెడ్డు ఖాళీగా పడి ఉండడం వాడకట్టు ఆడవాళ్ళు చూశారు.

"గా జర్రసేపు మాకేస్తే నీ వీడియో అరుగుతదా?" అని అడిగారు.

మగవాడు లోపల ఉంటే ఆడవాళ్ళు రారు. బాబు మియా తన భార్యకు క్యాసెట్ పెట్టడం, తీయడం, కరెంటు పోతే బటన్లు ఆర్పడం నేర్పాడు. కథ చెప్పడం నేర్పలేదు. నేర్పాల్సిన అవసరమూ లేదు.

అతని భార్య బిస్మిల్లా బీ పుట్టింది సుల్తానాబాద్‌లో. తల్లి చాంద్‌బీ గాజుల మలారం నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగేది. గాజు చేతికి ఎక్కేటప్పుడు బొటనవేలి మొదట్లో ప్రాణం పోతుంది. ఆ నొప్పి తెలియకుండా చాంద్‌బీ ఏదో ఒక కథ ఎత్తుకునేది. కథలో రాజు బిడ్డ బావిలో పడేసరికి గాజు మణికట్టుకు చేరేది. బిడ్డను ఎవరు పైకి తీశారో వినడానికి ఆడవాళ్ళు రెండో చెయ్యి ఇచ్చేవారు. చిన్నప్పుడు మలారం పక్కన కూర్చొని ఇవన్నీ విన్న బిస్మిల్లా బీకి రెండు అలవాట్లు మిగిలాయి. ఎవరు ఎదురైనా ముందు మణికట్టు చూడడం ఒకటి. ఎదుటివాళ్ళ ముఖం ముడుచుకున్నప్పుడు కథ మలుపు తిప్పడం రెండోది.

ఆ వేసవిలో ఒక కొత్త రకం క్యాసెట్ వచ్చింది. డబ్బా మీద ఒకటి అని అంకె. మంచిర్యాల షాపువాడు ఇవి వరసగా ఐదు ఉన్నాయని, ఒకటి వాపసు చేస్తే ఇంకొకటి ఇస్తానని చెప్పాడు. అందులో ఉన్నవాళ్ళంతా సన్యాసినులు. నున్నటి గుండ్లు, బూడిదరంగు అంగీలు. మేఘాలు తగిలే ఒక గుట్టమీద మఠం. తెల్లవారి గంట కొట్టి దండం పెట్టుకునేవాళ్ళే, గోళ్ళు పెంచుకున్న దయ్యాలు గుట్ట ఎక్కి వస్తే కర్రలు తిప్పుతూ ఇంటికప్పుల మీదికి ఎగిరేవాళ్ళు.

మొదటి శుక్రవారమే పట్వారి ఇంటి జానకీబాయి ఆ ఆటకు వచ్చింది.

జానకీబాయి పట్వారి రామకిషన్‌రావుకు అక్క. పెళ్ళయిన ఏడాదికే, ఇంకా అత్తగారింటి గడప తొక్కకముందే, భర్త పోయాడు. అప్పుడు తీసిన జుట్టు మళ్ళీ పెరగనివ్వలేదు. తెల్లచీర చెంగు నెత్తిన కప్పుకొని నలభై ఏళ్ళకు పైగా ఆ ఇంటి పొయ్యి ముందు కూర్చుంది. పట్వారీగిరీ సర్కారు తీసేసింది, భూములు కొన్ని పోయాయి, ఇంట్లోకి మరదలు వచ్చింది, పిల్లలు పెరిగారు. వంటిల్లు మాత్రం ఆమెదే. తద్దినం వంటకు ఆమె చెయ్యే కావాలి. మడిలో ఆమె వండింది తప్ప భోక్తలు ముట్టరు. ఆమె మాత్రం తన చేత్తో వండుకున్నదే, పగలు ఒక్క పూటే తినేది. ఆ ఇంట్లో ఆమెకు గది లేదు. అడగలేదు. వంటింటి వెచ్చదనంలోనే చాప పరుచుకునేది.

ఆమెను తెచ్చింది గిన్నెలు తోమే కమలవ్వ. గుళ్ళో పురాణం వినడానికి శుక్రవారం బయటికి వచ్చే అలవాటు జానకీబాయికి ఉంది. దారిలో కమలవ్వ, "సన్యాసులది సినిమానట అమ్మా, పురాణమసొంటిదే" అంది. ఆ మాట నమ్మి ఆమె రేకుల షెడ్డులోకి వచ్చింది. అందరికీ వెనకగా, గోడ పక్కన, ఎవరికీ తగలకుండా కూర్చుంది. బిస్మిల్లా బీ కళ్ళు ఆమె బోసి మణికట్ల మీద పడ్డాయి. వెంటనే తిప్పుకుంది.

తెర మీద మొదటి గుండు కనబడగానే ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయ్యో, మన జానకమ్మ ఎప్పుడెక్కిందే గా టీవీల?"

"మెల్లగనే, వెనకనే ఉన్నది!"

"ఉంటే ఏంది, గా గుంపంత ఆమె చెల్లెండ్లే గద!"

షెడ్డంతా నవ్వులు. జానకీబాయి చెంగు ముందుకు లాక్కుంది. లేవడానికి చేతులు నేలకు ఆనించింది. బిస్మిల్లా బీ కట్టెతో టీవీ స్టాండు మీద గట్టిగా కొట్టింది.

"సప్పుడు జెయ్యకుండ్రి! నవ్వుడు ఆనక నవ్వుదురు గని, గా గుండ్లు ఎందుకు చేసుకున్నరో ఎరికేనా మీకు?"

"ఎందుకట?"

బిస్మిల్లా బీకి కూడా తెలియదు. తెర మీద ఒక దయ్యం ఊరి ఆడదాన్ని జడ పట్టి ఈడ్చుకుపోతోంది. అది చూసి చెప్పింది.

"సూసిండ్రా? జుట్టుంటే గట్ల దొరుకుతం. వీళ్ళంత మొగడు సచ్చినోళ్ళు. అత్తోళ్ళు పొమ్మన్నరు, అవ్వగారోళ్ళు రావద్దన్నరు. గప్పుడు గుట్టెక్కిండ్రు. ఇగ ఎవ్వని చేతికి చిక్కొద్దని జుట్టు వాళ్ళే తీసేసుకున్నరు. ఒకలు తీసింది కాదు. వాళ్ళే."

అదే క్షణంలో గుట్టమీది ఆడది ఎగిరి దయ్యం మెడ మీద తన్నింది. దయ్యం ఆమె నెత్తి పట్టుకోబోయి జారిపోయింది. ముందు వరసవాళ్ళు, "అబ్బో, నిజమే!" అన్నారు. ఇంకెవరూ నవ్వలేదు. జానకీబాయి చేతులు నేల మీద నుంచి ఒడిలోకి వచ్చాయి.

ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆమె వాకిట్లో నిలబడింది.

"బిస్మిల్లా, వాళ్ళకు గుట్టమీద అన్నం ఎవరు వండుతరు?"

"వాళ్ళల్లనే ఒకామె వండుతదమ్మా. వచ్చే భాగంల వస్తది."

అది గాలిలో వేసిన మాట. కానీ రెండో భాగంలో నిజంగానే మఠం వంటిల్లు కనిపించింది. మనిషెత్తు గుండిగ, దాని ముందు ఒక లావుపాటి ముసలి సన్యాసిని. వంటింట్లోకి దయ్యాలు జొరబడితే ఆమె గంటె తీసుకొని ఒక్కొక్కడి నెత్తి పగలగొట్టింది. మధ్యలో ఉడుకుతున్నది అడుగంటకుండా వచ్చి ఒకసారి కలిపి, మళ్ళీ పోయి కొట్టింది. అప్పుడు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. జానకీబాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఆమె నవ్వడం తాను ఎన్నడూ చూడలేదని కమలవ్వ తర్వాత చెప్పింది.

బిస్మిల్లా బీ ఆమెకు వంటింటి అవ్వ అని పేరు పెట్టింది. మొత్తం కథకు గుట్టమీది అవ్వలు అని వాడకట్టే పేరు పెట్టుకుంది. ఆ తర్వాత శుక్రవారాల్లో బిస్మిల్లా బీ తెలియకుండానే కథంతా వంటింటి అవ్వ వైపు తిప్పుతూ పోయింది. ఆమె తెరమీదికి రాగానే కళ్ళు గోడ వైపు పోయేవి. జానకీబాయి వచ్చే దారిలో ఎవరూ కూర్చోకుండా చూసేది. ఇంటికి పోయి జానకీబాయి మళ్ళీ స్నానం చేసి, ఆరేసిన మడిచీర కట్టుకున్నాకే పొయ్యి దగ్గరికి పోయేది. తాను తప్పు చేస్తున్నానని ఆమె అనుకోలేదు. ఇంట్లో మాత్రం పురాణమనే చెప్పేది.

వాకిట్లో ఇద్దరూ మాట్లాడుకోవడం అలవాటైంది. ఒకరు గడప లోపల, ఒకరు బయట.

"గా అవ్వ మడి కట్టుకొని వండుతదా?"

"కట్టుకుంటది."

"మరి గాళ్ళను తన్నినంక మళ్ళ స్నానం చేసినట్టు చూపలే?"

"ఎగిరి తన్నుతది కదమ్మా. మైల అంటేటోళ్ళు నేల మీదనే ఉంటరు."

"నీకు ఎక్కడియే గీ మాటలు?"

"మా అమ్మ గాజులేసేది."

"నాకు చిన్నప్పుడు ఏసింది కావచ్చు. సుల్తానాబాద్ మా అమ్మమ్మగారిది" అని, ఆమె చేతులు చెంగులోకి లాక్కొని వెళ్ళిపోయింది.

ఐదో భాగం వచ్చిన వారం జానకీబాయి రాలేదు. మరదలు రాధాబాయి పుట్టింటివాళ్ళు కరీంనగర్ నుంచి వచ్చారని, ఇల్లంతా చుట్టాలేనని, అమ్మకు పొయ్యి వదిలే తీరిక లేదని కమలవ్వ చెప్పింది. బిస్మిల్లా బీ మొగుడిని బతిమాలి క్యాసెట్ ఇంకో వారం ఆపించింది. ఆ వారమూ రాలేదు. మంచిర్యాల షాపువాడు మనిషిని పంపాడు. శనివారం పొద్దుటి బస్సుకు క్యాసెట్ పోయింది. ఐదో భాగం ఇక ఈ ఊరికి రాదు.

దుకాణం ముందు నిలబడి బస్సు పోవడం చూసిన బిస్మిల్లా బీకి ఒకటే తోచింది. చూడలేకపోతేనేం, చెప్పవచ్చు. బొమ్మలు లేకుండా కథ చెప్పడం తనకు కొత్త కాదు.

బురఖా వేసుకొని పట్వారి ఇంటి పెరటి వైపు పోయింది. ఆ పెరటి బావి దగ్గరికి కూలివాళ్ళు, చాకలి, పాలవాడు అందరూ వస్తారు. అక్కడిదాకా పోతే తప్పులేదని ఆమెకు తెలుసు. మడి సంగతి ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళలాగే ఆమెకూ తెలుసు. బావి చప్టా ఎక్కలేదు, ఆరేసిన బట్టల నీడ తొక్కలేదు. దండేనికి ఈవలగా నిలబడి వంటింటి కిటికీ వైపు చూసింది. తాకుడు గురించి అంత జాగ్రత్త పడిన మనిషి మాట గురించి పడలేదు.

"అమ్మా, జానకమ్మా! నువ్వు రాకపోతివి, క్యాసెట్టు వాపస్ పోయింది. ఏం ఫికర్ చెయ్యకు, నేను చెప్త. వంటింటి అవ్వ గంటె పట్టుకొని దర్వాజల నిలబడ్డది సూడూ..."

కిటికీలో జానకీబాయి ముఖం కనిపించింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. బిస్మిల్లా బీ అది రమ్మనడం అనుకొని ఇంకో అడుగు ముందుకేసింది.

"గోడ పక్కన నీ జాగ రెండు శుక్రవారాలు గట్లనే ఉంచిన. ఎవ్వలను కూసోనియ్యలే!"

ఆవుల కొట్టం వెనకనుంచి రాధాబాయి వచ్చింది. చేతిలో పిడకల గంప ఉంది. అది కింద పెట్టింది.

"ఎవరి జాగ? ఎక్కడ?"

బిస్మిల్లా బీ నోరు అప్పుడు ఆగింది. రాధాబాయి గొంతు పెంచలేదు.

"వదినె పురాణానికి కదా పోతది, బీబీ?"

గిన్నెలు తోముతున్న కమలవ్వ తల ఎత్తకుండా, "నాకేం ఎరుక దొరసానీ" అంది. అడగకముందే అంది.

రాధాబాయి చెడ్డది కాదు. ఇరవై ఏళ్ళ పిల్లగా కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో ఏ కూర వండాలో ఆమె చెప్పలేదు. తన పిల్లలకు పాలు వెచ్చబెట్టుకోవడానికి కూడా వదినె మడి విప్పేదాకా ఎదురుచూసింది. ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు కూడా మాట్లాడలేదు. సాయంత్రం వంటింట్లోకి పోయి, "వదినె, మీరు పెద్దవాళ్ళయిండ్రు. ఇగ కొన్ని దినాలు కూర్చోండి. పొయ్యి నేను చూసుకుంట" అంది. జానకీబాయి చాప చుట్టి నడవలో ఒక మూల పెట్టారు. ఆమె వండుకోవడానికి ఒక కిరసనాయిలు స్టవ్వు ఇచ్చారు.

రామకిషన్‌రావు తండ్రి తద్దినం దగ్గర పడుతోంది. పురోహితుడు లింగమూర్తి పంతులు వచ్చి వరండాలో కూర్చున్నాడు. సాయబుల ఇంట్లో కూర్చొని సినిమా చూసిన మనిషి వండితే భోక్తలు రారని ఆయన అన్నాడు. "నేనొస్త రామకిషన్‌రావు, నాకేం పట్టింపు లేదు. వాళ్ళు రారు" అని కూడా అన్నాడు. రామకిషన్‌రావు మెత్తని మనిషి. అక్క చేతి పులిహోర తినకపోతే తద్దినం అయినట్టు ఉండదు ఆయనకు. "నిజంగ లోపల కూర్చున్నదో లేదో ఎవరికి తెలుసు? కూర్చోలేదంటే గొడవే లేదు గద" అని ఆయన అన్న మాట కమలవ్వ చెవిన పడింది. కమలవ్వ ఆ మాట అలాగే తెచ్చి బిస్మిల్లా బీకి చెప్పింది.

పెరటి నుంచి వచ్చినప్పటి నుంచి బిస్మిల్లా బీకి ముద్ద దిగలేదు. తన నోటి వల్ల ఒక మనిషికి వంటిల్లు పోయింది. కమలవ్వ మాట విన్నాక ప్రాణం లేచి వచ్చింది. కూర్చోలేదని చెబితే చాలు. చెప్పడం ఒక లెక్కా?

"నువ్వు పోకు. పెద్దోళ్ళ ముచ్చట" అన్నాడు బాబు మియా.

"నా నోరే చెడగొట్టింది. నా నోరే సుదరాయిస్తది" అంది.

వరండా మెట్ల కింద, వాకిట్లో నిలబడింది. రామకిషన్‌రావు కుర్చీలో, పంతులు బల్ల మీద. తలుపు వెనక రాధాబాయి గాజుల చప్పుడు.

"సలాం పట్వారీ సాబ్. గా దినం పెరట్ల నేను అన్న మాట తప్పువడ్డది. మాఫ్ చెయ్యాలె."

"ఏం తప్పువడ్డదో చెప్పు."

బిస్మిల్లా బీ ఊపిరి పీల్చుకుంది. "అమ్మ మా షెడ్డుల కాలు పెట్టలే సాబ్. గుడికి పోయేటప్పుడు మా గల్లీల కెల్లే పోతది. లోపట ఆడోళ్ళ లొల్లి ఇని ఒకనాడు సడక్ మీద నిలబడి, ఏందే గీ లొల్లి, పురాణం ఇనేటోళ్ళకు ఇనబడొద్దా, అని మమ్ముల తిట్టింది. నేను బయటికొచ్చి, సన్యాసుల కథ అమ్మా, దేవుని ముచ్చటే అని చెప్పిన. గంతే. గోడ పక్కన జాగ అంటే మా గోడకు బయట, నీడ ఉంటది, గక్కడ. నేను పొగరుకు నా ఇంటికొచ్చినట్టు గొప్పగ చెప్పుకున్న. పట్వారి ఇంటి అమ్మ మా దగ్గరికి వచ్చిందంటే మాకు ఇజ్జత్ గద సాబ్."

అంతా సరిపోయింది. సడక్, నీడ, తిట్టు, పొగరు. లింగమూర్తి పంతులు కూడా తల ఊపాడు. "ఈమె బడాయికి పోయి అన్నదన్నట్టు" అన్నాడు. రామకిషన్‌రావు ముఖం తేటపడింది. కుర్చీలో వెనక్కి వాలి లోపలికి కేక వేశాడు.

"అక్కా! జర ఇటు రా. ఈమె చెప్పింది విన్నవా? గంతేనా?"

జానకీబాయి గడపలోకి వచ్చింది. విన్నట్టే ఉంది. అవును అనే ఒక్క మాట చాలు. తల ఊపినా చాలు. బిస్మిల్లా బీ ఆమె కళ్ళలోకి చూస్తూ, ఊపు తల్లీ అని లోపల దండం పెట్టుకుంది.

జానకీబాయి చూపు తమ్ముడి మీద ఉంది, పంతులు మీద లేదు.

"కాదు తమ్మీ. లోపలికే పోయిన. కూర్చున్న. నాలుగు భాగాలు చూసిన."

"అక్కా, ఆలోచించి చెప్పు."

"చెప్తున్న."

"ఎందుకు పోయినవు?"

"చూడబుద్ధయింది."

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

"మొదట కమలవ్వ తీస్కపోయింది. ఆనక నాకు బుద్ధయి నేనే పోయిన. పెండ్లి మీరు చేసిండ్రు. జుట్టు మీరు తీయించిండ్రు. వంట మీరు చెప్పింది వండిన. నాకు బుద్ధయి నా కాళ్ళతోని నేను పోయిన జాగ గదొక్కటే, రామూ. పోలేదని నా నోటితోని ఎట్ల చెప్పాలె?" తర్వాత బిస్మిల్లా బీ వైపు తిరిగింది. కోపం లేదు. "నువ్వు మంచిగనే చెప్పినవు. గని నేనున్నట్టు లేదు అందుల."

లోపలికి వెళ్ళిపోయింది.

తద్దినం నాడు ధర్మపురి నుంచి వంటమనిషిని పిలిపించారు. ఆ నెల గడిచాక జానకీబాయిని అదే ధర్మపురికి పంపించారు. పంపించడమని ఎవరూ అనలేదు. గోదావరి ఒడ్డు, నరసింహస్వామి గుడి, రోజూ నదీస్నానం, తోటివాళ్ళు; పెద్ద వయసులో ఇంతకన్నా పుణ్యమేముందని అన్నారు. రామకిషన్‌రావు వెంటపోయి సత్రంలో దించి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాడని చూసినవాళ్ళు చెప్పారు.

బాబు మియా షెడ్డులో శుక్రవారం ఆట ఇంకొన్నాళ్ళు నడిచింది. బిస్మిల్లా బీ క్యాసెట్ పెట్టి బయట మెట్టు మీద కూర్చునేది. "కథ చెప్పరాదే" అని లోపలివాళ్ళు అరిస్తే, "బొమ్మ కనబడతలేదా? సూడుండ్రి" అనేది. చెప్పేవాళ్ళు లేక ఆడవాళ్ళు తగ్గారు. ఇళ్ళలోకి టీవీలు వచ్చాక మగవాళ్ళు కూడా రాలేదు. రేకుల షెడ్డులో బాబు మియా పాత రేడియోలు పడేసుకున్నాడు.

ధర్మపురి పోవాలని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. పోయి ఏమని చెప్పాలో తెలియక ఆగింది. ఏడాదిన్నరకు, జగిత్యాలలో చుట్టాల పెళ్ళికి పోయి వస్తూ, ధర్మపురి రాగానే బస్సు దిగేసింది. "నేను ఎనక బస్సుకొస్త" అని మొగుడికి చెప్పింది.

సత్రం నదికి పోయే సందులో ఉంది. బయటి అరుగు మీద ముసలి ఆడవాళ్ళు వరసగా కూర్చొని ఉన్నారు. చాలామంది గుండ్లే. తెల్లచీరలు, కొన్ని కాషాయం. ఒకామె దూది పట్టుకొని వత్తులు చేస్తోంది. ఒకామె గోడకు ఆనుకొని నిద్రపోతోంది. ఒకామె తనలో తాను ఎవరినో తిడుతోంది. బిస్మిల్లా బీ బురఖా ముసుగు ఎత్తి ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది. చివర జానకీబాయి ఉంది. చిక్కిపోయింది. చేతులు ఒడిలో ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా బిస్మిల్లా బీ షెడ్డులో తప్ప ఎక్కడా చూడలేదు.

"అమ్మా, నేను. బిస్మిల్లాను."

జానకీబాయి గుర్తుపట్టి కళ్ళు చికిలించింది. "ఒక్కదానివే వచ్చినవా?"

"పెండ్లికి పోయి వస్తున్న. మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. నీళ్ళు దగ్గర." పక్కవాళ్ళ వైపు చూసి చిన్నగా అంది. "ఈడ ఎగిరేటోళ్ళు ఎవ్వరు లేరే. మోకాళ్ళ నొప్పులోళ్ళే అందరు."

బిస్మిల్లా బీ నవ్వబోయి నవ్వలేకపోయింది. అరుగు కింద నేల మీద కూర్చుంది.

"అమ్మా, నేను గా దినం పెరటికి రాకపోతే..."

"నేను తల ఊపినా ఇంట్లనే ఉంటుంటి గద. ఊపలే." ఆ మాటలో నిష్ఠూరం లేదు, గొప్ప లేదు. "కమలవ్వ ఉన్నదా పనిల?"

"ఉన్నది. అందరికి రాధమ్మే వండుతున్నదట. మంచిగనే వండుతదట."

"వండుతది. చెయ్యి మంచిదే. పోపు మాడగొడ్తది, అలవాటయితే తగ్గుతది."

"ఐదో భాగం నీకు చెప్పకనే పోతి. వంటింటి అవ్వ దర్వాజల నిలబడ్డదా..."

జానకీబాయి చెయ్యి కొంచెం ఎత్తింది. "వద్దు. గక్కడికే ఉండనియ్యి."

బిస్మిల్లా బీ ఆగింది. ఐదో భాగంలో వంటింటి అవ్వ ఏమయిందో తనకు తెలుసు. ఆ ముగింపును మంచిగా తిప్పి చెప్పడానికే వచ్చింది. బస్సు దిగినప్పటి నుంచి దారంతా ఆ తిప్పడాన్నే కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు చేతిలో ఏమీ లేనట్టయింది.

"ఇక్కడ నువ్వే వండుకుంటవా అమ్మా?"

"పొయ్యిలు పెట్టనియ్యరు. ఒక్క వంటనే, అందరికి. వంటాయన ఉన్నడు."

లోపల ఎవరో పళ్ళెం మీద గరిటెతో కొట్టారు. అరుగు మీద ముసలివాళ్ళు ఒక్కొక్కరే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. జానకీబాయి కూడా లేచింది. "పొద్దువోతది, బస్సు చూసుకో" అంది. బిస్మిల్లా బీ ఏదో అందామనుకునేలోపు ఆమె వరసలో కలిసి లోపలికి పోయింది.

బయటివాళ్ళు ఆ గడప దాటకూడదు. బిస్మిల్లా బీ సందులోనే నిలబడింది. తెరిచిన తలుపులోంచి లోపలి వసారా కనిపిస్తోంది. ఆకులు వేశారు. ముసలివాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒక కుర్రవంటవాడు బకెట్ పట్టుకొని, ఎవరి ముఖమూ చూడకుండా, పప్పు పోసుకుంటూ పోతున్నాడు. జానకీబాయి ముందుకు వచ్చి పోశాడు. "చాలు నాయనా" అంది. అతను అప్పటికే పక్క ఆకు దగ్గర ఉన్నాడు.

ఆమె అన్నం కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని నమలకుండా ఒక క్షణం ఆగింది. చెయ్యి ఆకు చివరన ఉప్పు వేసే చోటికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆమె వంటవాడి వైపు చూసింది. అడగలేదు. చెయ్యి వెనక్కి తెచ్చుకొని, తల వంచుకొని, రెండో ముద్ద కలుపుకుంది.